అరువు లుంగీ, తనఖా ప్లాట్లు

రామకోటిగారు మురుగు కోడులో పడ్డది మే నెలలో, ఎండ నడినెత్తికి వస్తున్న వేళ. పడటానికి ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. గట్టు మీద నిలబడి, కింద తూము నోరు ఎంత ఎత్తులో ఉందో చూద్దామని ముందుకు వంగారు. చొక్కా జేబులోంచి కళ్లద్దాలు జారాయి. వాటిని పట్టుకోబోయారు. కళ్లద్దాలు గట్టు మీదే ఆగాయి, ఆయన ఆగలేదు. కాలువలకి నీళ్లు కట్టేసిన రోజులు కాబట్టి కోడులో, అంటే చేల మురుగు దిగే ఆ కాలువలో, నీళ్లు లేవు. నల్లటి బురద మాత్రం ఉంది. అది ఆయన్ని నడుము దాకా మర్యాదగా లోపలికి తీసుకుని అక్కడ ఆపింది. ఆయన ఎడమకాలి చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది.

పైకి లాగినవాళ్లు ఇద్దరు. ఒకరు దుర్గారాజుగారు. గుండుగొలను దాటాక హైవే నుంచి కొల్లేరు వైపు దిగే రోడ్డు పక్కన వరిచేలు కొని, వాటిని ప్లాట్లు చేసి అమ్ముతున్నాయన. అంతకుముందు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసిన మనిషి కావడంతో, ఏ సరుకైనా కుళ్లకముందే అమ్మేసుకోవాలన్న తొందర ఆయన ఒంటికి పట్టేసింది. రెండోవాడు చంటి. పక్కనున్న చేపల చెరువుకి కాపలా కాసేవాడు. అరుపు విని గట్టు మీది పాక నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆ అరుపు తనది కాదనీ దుర్గారాజుగారిదనీ రామకోటిగారు తరవాత ఇంట్లో చెప్పుకున్నారుగానీ, దానికి సాక్ష్యం లేదు.

రామకోటిగారు ఏలూరులో, లేఅవుట్లకి అనుమతులిచ్చే ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు. ఆ రోజు ఆయన వచ్చిన పని ఇదీ. పొలం కొని ప్లాట్లు వేసి అమ్మేవాళ్లు ముందుగా ఆఫీసుకి రాసిస్తారు, రోడ్లు వేస్తాం, డ్రెయిన్లు కడతాం, కుళాయిలు పెడతాం, దీపాలు వెలిగిస్తాం అని. రాసిచ్చినంత మాత్రాన అన్ని చోట్లా దీపాలు వెలగవు కాబట్టి, వందకి పదిహేను చొప్పున ప్లాట్లని ఆఫీసు తన పేర తనఖా రాయించుకుంటుంది. జనం వాటిని మార్ట్‌గేజ్ ప్లాట్లంటారు. పనులన్నీ పూర్తయ్యాయని ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టేదాకా వాటిని అమ్మడానికి లేదు. లేఅవుట్ వేసినాయన పనులు చెయ్యకుండా వెళ్లిపోతే వాటినే అమ్మి, ఆ డబ్బుతో ఆఫీసే పనులు చేయిస్తుంది. సంతకం పడిందా, ఇక ఆఫీసు చేతిలో పట్టుకోవడానికి పిడి అంటూ ఏదీ ఉండదు. ఉండేదల్లా లేఅవుట్ వేసినాయన మంచితనమే.

ఆ సంతకం కోసమే ఆయన వచ్చింది. రోడ్లు చూశారు, బాగున్నాయి. దీపాలు వేయించి చూశారు, పట్టపగలు శుభ్రంగా వెలిగాయి. లోపలి డ్రెయిన్లలో ట్యాంకరుతో నీళ్లు పోయిస్తే గలగలా పారాయి. ఇక మిగిలింది ఆ నీళ్లన్నీ చివరికి మురుగు కోడులోకి దిగే తూము. దాన్ని చూడబోయే బురదలోకి వెళ్లారు.

చెరువు గట్టు మీద బోరు పంపు కింద నిలబెట్టి ఆయన్ని కడిగారు. ప్యాంటు ఒక పంపుకి లొంగే స్థితిలో లేదు. చంటి భార్య నాంచారమ్మ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, నవ్వు కొంగు చాటున పెట్టుకుని, నానబెట్టడానికి పట్టుకుపోయింది. పోతూ పోతూ మొగుడి లుంగీ ఒకటి తెచ్చి దండెం మీద వేసింది. పచ్చ గళ్ల లుంగీ. ఉతికి ఉతికి కురచైపోయి, రామకోటిగారి మోకాళ్లు దాటి కిందికి రావడానికి ఇష్టపడలేదు.

ఆ అవతారంలో ఆయన్ని తీసుకెళ్లి లేఅవుట్ మొదట్లో ఉన్న రేకుల షెడ్డులో, ఏసీ కింద కూర్చోబెట్టారు. గోడ మీద పెద్ద బోర్డు, 'లేక్ వ్యూ' అని. ప్లాట్లు చూసుకోవడానికి ఏలూరు నుంచి వచ్చిన ఓ కుటుంబం ఎదురు బల్ల మీద కూర్చుని ఉంది. వాళ్లలో పెద్దావిడ ఒక్కసారి ఆయన మోకాళ్ల వైపు చూసి, తరవాత అరగంటా లేక్ వ్యూ బోర్డునే చదువుతూ కూర్చుంది. రామకోటిగారు మోకాళ్లు రెండూ దగ్గరికి పెట్టుకుని, ఒళ్లో ఫైలు పెట్టుకున్నారు. ఫైలు అంత అవసరమైన వస్తువని ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయనకి అప్పుడే తెలిసింది.

నాంచారమ్మ శీలావతి చేప పులుసు పెట్టి అన్నం పంపింది. తిన్నారు. దుర్గారాజుగారు తమలపాకులు అందిస్తూ, పక్కనే పెన్ను కూడా అందించారు.

"తూము ఒక్కటేగా అండీ మిగిలింది. దాన్నీ చూశారు. మీరు చూసినంత దగ్గరగా ఏ ఇంజనీరూ చూసుండడండీ."

బల్ల మీద కుటుంబం నవ్వింది. రామకోటిగారూ నవ్వారు.

అప్పుడాయనకి రెండు సంగతులు తెలుసు. మొదటిది, ఆయన తూముని చూడలేదు. కళ్లద్దాలు గట్టు మీద ఉండగా ఆయన కింద ఉన్నారు. కింద ఉన్నంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నారు. రెండోది ఇంకా పెద్దది. ఆయన తాడేపల్లిగూడెం దగ్గర వరి పండించే ఇంట పుట్టినవారు. వేసవిలో, రెండో పంట దాళవా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ వదిలేదాకా డెల్టా అంతా ఎండిపోయి, మురుగు కాలువల అడుగున బురద తప్ప ఏమీ ఉండదు. అప్పుడు చూస్తే ఏ తూమైనా ఎత్తుగానే కనబడుతుంది. కాలువలు వదిలి, తొలిపంట సార్వా చేల నీళ్లూ వాన నీళ్లూ కోడులోకి దిగి, కింద కొల్లేరు నిండి వెనక్కి తన్నడం మొదలెట్టాక, అదే తూము నీళ్ల అడుగున ఉంటుంది. వానాకాలంలో చూడాల్సినదాన్ని వేసవిలో చూడకూడదని ఆయన ఊళ్లో ఆవులకి కూడా తెలుసు.

'ఆగస్టులో మళ్లీ వచ్చి చూస్తానండీ, అప్పటిదాకా ఆగండి' అనడం ఒక్క మాట పని. కానీ ఆ మాట ప్యాంటు వేసుకున్న మనిషి అనగలడు. పరాయివాడి లుంగీ కట్టుకుని, వాళ్ల పులుసు తిని, మోకాళ్ల మీద ఫైలు పెట్టుకుని కూర్చున్న మనిషి నోట్లోంచి అలాంటి మాట రాదు. ఎంత తొందరగా అక్కడ నుంచి లేచి వెళ్లిపోతే అంత మంచిదనిపించింది. సంతకం పెట్టేశారు.

అంతటితో అయిపోతే, ఆఫీసుల్లో రోజూ జరిగే పొరపాట్లలో అదొకటి అయ్యుండేది. ఆయన కారెక్కుతుండగా నాంచారమ్మ తడి ప్యాంటు కవరులో పెట్టి తెచ్చింది. ఇచ్చి, వెంటనే వెళ్లకుండా నిలబడింది.

"సారండీ, ఆ మూల కోడు దగ్గర ప్లాట్లు విడుదలయ్యాక కాస్త తక్కువకి ఇస్తానంటన్నారు రాజుగారు. మేం ఒకటి కొనుక్కోవచ్చాండీ? పాకలో పడలేకపోతన్నాం."

లేఅవుట్ వేసేవాళ్లు తనఖాకి మంచి ప్లాట్లు పెట్టరు. అమ్ముడుపోని మూలవి, పల్లంలోవి, వంకర టింకరవి చూసి పెడతారు. నాంచారమ్మ అడిగినవి సరిగ్గా అవే. ఒక గంట ముందు దాకా అవి ఆఫీసు చేతిలో ఉన్నవే.

"కొనుక్కోమ్మా," అన్నారు రామకోటిగారు, లుంగీ అంచు కిందికి లాక్కుంటూ. "అన్నీ చూశాం."

ఏలూరులో వాళ్ల వీధిలో కారు దిగేటప్పటికి పక్కింటివాళ్లంతా గుమ్మాల్లోనే ఉన్నారు. ఆఫీసుకి ప్యాంటులో వెళ్లి, ఒంటి చెప్పుతో లుంగీలో తిరిగొచ్చిన మొగుణ్ని చూసి భాగ్యశ్రీ ఏమీ అడగలేదు. లోపలికి వచ్చాక కూడా ముందు మంచినీళ్లు ఇచ్చి, ఆ తరవాతే గుమ్మం తలుపు వేసి, అప్పుడు నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే, చివరికి ఆయన కూడా కథని కాస్త మెరుగులు దిద్ది చెప్పడం మొదలుపెట్టారు. సంతకం సంగతి మాత్రం అందులో రాలేదు.

లుంగీ ఉతికి, ఇస్త్రీ చేసి, బీరువా పై అరలో పెట్టిందావిడ, ఆ దారిన వెళ్లినప్పుడు ఇచ్చేస్తారని. ఆయన ఆ దారిన వెళ్లలేదు.

ఆ ఏడు వానలు పెద్దగా పడలేదు, మూల ప్లాట్లలో ఇళ్లు లేచాయి. ఆపై ఏడు జూన్‌లో కాలువలు వదిలారు. ఆగస్టులో పట్టిన వాన నాలుగు రోజులు వదల్లేదు. ఆఫీసులో ఎవరో టీ తాగుతూ, లేక్ వ్యూలోకి లేక్ తనే వచ్చేసిందటండీ అని చెప్పి అందర్నీ నవ్వించారు. రామకోటిగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. నీళ్లు కోడులోంచి తూము ద్వారా వెనక్కి తన్ని, డ్రెయిన్ల గుండా లోపలికి వచ్చాయట. మెరక మీదివాళ్లకి మడమల దాకా, పల్లంలో మూల ఇళ్లకి మోకాళ్ల దాకా. దుర్గారాజుగారిని అడగడానికి ఆఫీసు దగ్గర ఏమీ మిగల్లేదు. తనఖా విడిపించేశారు, ప్లాట్లు అమ్ముడుపోయాయి, రోడ్లూ డ్రెయిన్లూ కాగితం మీద పంచాయతీకి అప్పగించేశారు. పంచాయతీవాళ్లు, మా దగ్గరంత డబ్బెక్కడిదండీ అన్నారు. దుర్గారాజుగారు కూడా చాలా బాధపడ్డారు. ఆయన బాధలో అబద్ధం లేదు. కాకపోతే ఆ బాధలో సిమెంటు కూడా లేదు.

ఆ రోజు నుంచీ రామకోటిగారికి వానంటే భయం పట్టుకుంది. ఉరుము వినబడితే కిటికీ దగ్గరికి వెళ్లేవారు. ఏలూరులో మబ్బు పడితే కొల్లేరు వైపు ఎలా ఉందోనని డాబా ఎక్కి చూసేవారు. లేక్ వ్యూ ఉన్న భీమడోలు వైపు ఇన్‌స్పెక్షన్ పడితే ఏదో ఒక సాకు చెప్పి ఇంకొకరికి తోసేసి, తను నల్లజర్ల వైపో కామవరపుకోట వైపో వేయించుకునేవారు. ఆ మెట్ట ప్రాంతంలో నీళ్లు పడటమే గొప్ప, వెనక్కి రావడం ఎక్కడిది. ఇంట్లో లుంగీ కట్టుకోవడం మానేసి పైజమాలు కుట్టించుకున్నారు. బీరువా తలుపు తీసినప్పుడల్లా పై అరలో పచ్చ గళ్లు కనబడేవి. ఆయన కింద అరలోవే తీసుకుని తలుపు వేసేసేవారు.

మరుసటి ఏడు మళ్లీ వానలొచ్చాయి. ఓ ఆదివారం పొద్దున్న భాగ్యశ్రీ ఆ లుంగీని కవరులో పెట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఏవండీ, రెండేళ్లు దాటిపోయాయి. ఒక లుంగీ తిరిగివ్వడానికి మీరింత బెంగపడుతున్నారంటే ఇది లుంగీ సంగతి కాదని నాకూ తెలుసు. ఏదైనా సరే, ముందు ఇచ్చేసి రండి."

వెళ్లారు. స్కూటరు లేక్ వ్యూ మొదట్లో షెడ్డు దగ్గరే ఆపేయాల్సి వచ్చింది. అక్కడ నుంచి రోడ్డు నీళ్లలోకి దిగిపోయింది. చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు పైకి మడుచుకుని నడిచారు. మూల ప్లాటులో చంటి వాళ్లిల్లు చిన్నదే అయినా ముచ్చటగా ఉంది. గోడలకి లేతనీలం వేసుకున్నారు. ఆ నీలం మీద, కిటికీ కింది దాకా, పోయిన ఏటి నీళ్లు గీసిన చార ఉంది. ఈ ఏటి నీళ్లు ఇంకా దాని కింద ఉన్నాయి.

నాంచారమ్మ ఆయన్ని చూసి కంగారుపడింది, సారు నీళ్లలో నడిచొచ్చారని. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసి ఉంది. ఆయన్ని దాని మీద కూర్చోబెట్టి, కాళ్లు పైన పెట్టుకోమంది. బియ్యం డబ్బా అటక మీద ఉంది. పొయ్యి బల్ల మీద ఉంది. ఆ బల్ల మీదే టీ కాచి ఇచ్చింది. గది మధ్య నీళ్ల మీద గుర్రపుడెక్క మొక్క ఒకటి, ఊదారంగు పువ్వుతో సహా, నెమ్మదిగా తిరుగుతోంది.

ఆమె దాన్ని చూసి నవ్వుతూ చెప్పింది. వేసవిలో ఏ ఇబ్బందీ ఉండదటండీ. కాలువలు వదిలాకే కోడు పొంగి తూము లోంచి ఇటు వస్తాయట. పాకలో ఉన్నప్పుడే నయమట, పాక చెరువు గట్టు మీదుండేది కాబట్టి ఎప్పుడూ మునగలేదట. చెప్పే తీరులో నిష్ఠూరం ఏమీ లేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయని చెప్పినట్టు చెప్పింది.

రామకోటిగారు కవరు అందించారు. ఆమె విప్పి చూసి, మడతలు చూసి, ఇస్త్రీ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దీనికోసం ఇంత దూరం వచ్చారాండీ? ఈ పాత గుడ్డకి ఇస్త్రీ కూడానా? ఎక్కడో మీలాంటి నికార్సయిన మనుషులుంటారు సారండీ. అందుకే మా ఆయనతో అన్నాను, సారు చూశామన్నారు కదా, ఇంక ఆలోచించకుండా కొనేద్దామని."

ఆయనకి టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పెట్టడానికి నేల లేదు. చేతిలో పట్టుకునే కూర్చున్నారు. 'నేను చూడలేదమ్మా' అన్న మాట నాలుక దాకా వచ్చింది. అది చెబితే బరువు దిగేది తనకేగానీ, ఆవిడ ఇంట్లో నీళ్లు దిగవు. మింగేశారు. వెళ్లేటప్పుడు ఆమె చెరువులో పట్టిన శీలావతులు రెండు అరిటాకులో చుట్టి, వద్దంటున్నా స్కూటరు డిక్కీలో పెట్టించింది. ఆ రాత్రి భాగ్యశ్రీ పులుసు పెట్టింది. బాగా కుదిరింది. ఆయన మజ్జిగన్నం తిని లేచిపోయారు. చెయ్యి కడుక్కుంటున్నప్పుడు పంపు లోంచి పడే నీళ్లనే చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. అప్పుడు, తువ్వాలు అందించడానికి వచ్చిన భార్యకి, సంతకం సంగతి మొత్తం చెప్పారు. ఈసారి ఆవిడ నవ్వలేదు.

"ఆ దుర్గారాజుగారు ఇంకో లేఅవుట్ వెయ్యరా ఏంటండీ," అంది తువ్వాలు చేతికిస్తూ.

వేశారు. శీతాకాలం వచ్చేసరికి దుర్గారాజుగారు లేక్ వ్యూ పక్కనే, కాస్త మెరకన ఇంకో పొలం కొని రెండో ఫేజ్ ఫైలు పెట్టారు. ఇన్నాళ్లూ భీమడోలు వైపు పనంటే తప్పించుకున్న రామకోటిగారు ఈ ఫైలు మాత్రం అడిగి మరీ తన బల్ల మీదికి తెప్పించుకున్నారు. తనఖాకి దుర్గారాజుగారు మామూలుగా మూల ప్లాట్లు పెట్టారు. రామకోటిగారు వాటిని కొట్టేసి, మెయిన్ రోడ్డు పక్కవి, తూర్పు ముఖంవి, అందరూ ముందుగా అడిగేవి, వరసగా గీత పెట్టి తనఖాలోకి తీసుకున్నారు. దుర్గారాజుగారు నవ్వారు. ఎలాగూ ఆరు నెలల్లో విడిపిస్తారుగా అనుకుని, ఆ ప్లాట్లకి మనుషుల్ని కూడా మాట్లాడేసుకున్నారు.

మే నెల వచ్చింది. కాలువలు కట్టేశారు. రెండో ఫేజ్ పనులు పూర్తయ్యాయి, ఇన్‌స్పెక్షన్‌కి రమ్మని కబురొచ్చింది. రామకోటిగారు వెళ్లలేదు. కాలువలు వదిలి, గట్టిగా ఒక వాన పడ్డాకే వస్తానన్నారు. అంతేకాదు, ఈ ఫేజ్ నీళ్లు కూడా ఆ పాత తూము దగ్గరికే పోతున్నాయి కాబట్టి, దాన్ని మూసేసి, డ్రెయిన్‌ని కోడు గట్టు వెంట దిగువకి పొడిగించి, అక్కడ కొత్త తూము కట్టి, నీళ్లు వెనక్కి రాకుండా దానికి తలుపు పెడితేగానీ పూర్తయినట్టు లెక్క కాదన్నారు. ఆ పని చేస్తే మొదటి ఫేజ్ మూల ఇళ్లు కూడా మునగవు. ఆ సంగతి ఆయన కాగితం మీద రాయలేదు. దుర్గారాజుగారికి చదవకుండానే అర్థమైంది.

ఆఫీసుకి వచ్చారు. ఎప్పటిలా పూతరేకుల ప్యాకెట్టుతో వచ్చి, ఎప్పటిలా నెమ్మదిగానే మాట్లాడారు.

"పోయినసారి సరిపోయిన తూము ఈసారి ఎందుకు సరిపోదండీ? దాన్ని ఓకే చేసింది మీరే కదండీ. ఇప్పుడది బాగోలేదని రాస్తే, ఆ మాట ఎవరి మీదకి పోతుందో చూసుకోండి మరి."

"నా మీదకే పోతుందండీ," అన్నారు రామకోటిగారు. "అప్పుడు నేను తూముని చూడలేదు."

"అందులో పడ్డారు కదండీ."

"పడ్డానండీ. చూడలేదు."

దుర్గారాజుగారు ఆయన్ని, ఉల్లిపాయల బస్తా పైన మంచివి పోసి లోపల మెత్తవి పెట్టినవాణ్ని చూసినట్టు చూశారుగానీ, ఇక్కడ తేడా ఏంటంటే బస్తా ఆ మనిషే విప్పి చూపిస్తున్నాడు. పూతరేకులు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయారు. రామకోటిగారు వాటిని వెనకాలే పంపించేశారు.

పై అధికారికి ఆయనే రాసుకున్నారు. మొదటి ఫేజ్ తూముని తను పరిశీలించకుండానే సంతకం పెట్టానని, అది వేసవి అని కూడా. పై అధికారి చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, బురదలో పడ్డ సంగతి కూడా ఇందులో ఉండాలా అండీ అని అడిగారు. ఉండాలన్నారు రామకోటిగారు. మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆపుతారో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆఫీసులో కొన్నాళ్లు ఆయన వెనక 'బురద రిపోర్టు' అన్న మాట వినబడింది. ఆయన తల తిప్పకుండా నడిచిపోయారు. పేరు పెట్టినవాళ్లని తప్పు పట్టడానికి ఆయన దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇంటికెళ్లాక మాత్రం ఆ రోజు జరిగింది వీలైనంత చిన్నదిగా చెప్పి, వీలైనంత పెద్ద ముద్ద కలుపుకుని తినేవారు, భార్య నమ్మాలని.

మెమో రెండో వారం, ఏలూరు బజారులో ఆయన ఒక్కరే ఓ బట్టల కొట్టుకి వెళ్లి చాలాసేపు బేరమాడి వచ్చారు. ఏం కొన్నారని భాగ్యశ్రీ అడిగితే కవరు చూపించారు. ఆవిడ చూసి, దాన్ని బీరువా పై అరలో, ఖాళీ అయిన చోటే పెట్టింది.

ఆగస్టులో వాన పట్టిన మూడో రోజు, ఆ కవరు చంకలో పెట్టుకుని ఆయన ఇన్‌స్పెక్షన్‌కి బయల్దేరారు.

దుర్గారాజుగారు గొడుగు వేసుకుని కోడు గట్టు మీద సిద్ధంగా ఉన్నారు. ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. తనఖాలో చిక్కుకున్న రోడ్డు పక్క ప్లాట్లకి మాట ఇచ్చిన జనం రోజూ ఫోన్లు చేస్తుంటే, తిట్టుకుంటూనే పాత తూము మూయించి, డ్రెయిన్‌ని దిగువ దాకా పొడిగించేశారు. కొత్త తూము కూడా కట్టేశారు. కోడు నిండుగా పారుతోంది. నాంచారమ్మ వాళ్ల వరండాలో నిలబడి చూస్తోంది. నీళ్లు ఈసారి గుమ్మం కింద మెట్టు దగ్గర ఆగాయండీ అని అక్కడ నుంచే కేకేసి చెప్పింది. ఆ గొంతులో ఉన్న సంతోషం రామకోటిగారికి గుచ్చుకుంది. రెండేళ్లు మంచం కింద ఇటుకలు పెట్టుకున్న మనిషి, నీళ్లు మెట్టు దగ్గర ఆగినందుకు తనకి థాంక్స్ చెబుతున్నట్టుంది.

కొత్త తూము పైనుంచి చూస్తే చక్కగా ఉంది. దుర్గారాజుగారు గొడుగు ఆయన మీదికి వంచి, చూశారుగా అండీ, ఇంక షెడ్డులోకి పదండి, వేడిగా పకోడీ వేయిస్తున్నాను అన్నారు. రామకోటిగారు తల ఊపి, చెరువు గట్టు మీది పంపు షెడ్డు వెనక్కి వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఒంటి మీద చొక్కా అలాగే ఉంది. కింద మాత్రం మడమల దాకా కొత్త నీలం గళ్ల లుంగీ. దాన్ని పైకి ఎగ్గట్టి, కళ్లద్దాలని తాడుతో మెడకి కట్టుకుని, గట్టు మీద గడ్డి పట్టుకుంటూ కోడులోకి దిగారు. నడుము దాకా వచ్చాయి నీళ్లు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నారు. తూము దగ్గరికి వెళ్లి, లోపలికి చెయ్యి పెట్టి తడిమారు. తలుపు ఉండాల్సిన చోట దాన్ని బిగించే ఇనప చట్రం ఉంది. తలుపు లేదు. నీళ్లు ఆయన వేళ్ల సందుల్లోంచి, నెమ్మదిగా, లేక్ వ్యూ వైపు వెళ్తున్నాయి.

చట్రం పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఇంకో గట్టి వాన పడితే మెట్టు దగ్గరివి గుమ్మం దాటుతాయి. వరండాలో నాంచారమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

"తలుపు పెట్టాక కబురు చెయ్యండి, మళ్లీ వస్తాను," అన్నారు పైకి చూసి.

గొడుగు కింద దుర్గారాజుగారి ఓర్పు అప్పటికి అయిపోయింది. తలుపు తయారవుతోందట, ఇవాళో రేపో వస్తుందట, దానికోసం ఇన్ని ప్లాట్లు పట్టుకుని కూర్చోవడం న్యాయమేనా అని మొదలుపెట్టి, చివరికి మనసులో ఉన్నది బయటపెట్టారు.

"అప్పుడు ఒక్క పూటలో చూసి, తిని, నవ్వుతూ సంతకం పెట్టి వెళ్లారు. ఎంత మంచి మనిషి ఈయన అనుకున్నాను. ఈసారి మీకేమైందండీ రామకోటిగారూ?"

రామకోటిగారు తడి చేత్తో నడుము దగ్గర ముడి ఒకసారి బిగించుకున్నారు.

"ఈసారి లుంగీ నేనే తెచ్చుకున్నానండీ."